ఒక్క కోడికి వైద్యం

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నలతగా కనిపించిన దాన్ని గుంపులో మిగతావి పొడుస్తాయి, పైనుంచి గద్ద కనిపెట్టుకుని ఉంటుంది. అందుకని ఓపిక ఉన్నంతసేపు మామూలుగానే తిరుగుతుంది. మింగలేకపోయినా గింజలు ఏరుతున్నట్లు నేలను పొడుస్తూనే ఉంటుంది. రెక్కలు వాల్చేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఓ మూల నిలబడిందంటే జబ్బు ఆ రోజు మొదలైంది కాదు. "నిన్నటిదాకా శుభ్రంగా తిరిగిందండి" అని చెప్పేవాళ్ల మాట అబద్ధం కాదు. వాళ్లు చూసిందే చెబుతున్నారు. దాని వెనకున్న రోజుల్ని తవ్వి తీయడం మా పని.

నేను కోనసీమలో ఒక మండల పశువైద్యశాలలో పనిచేస్తాను. పొద్దున్నే వచ్చేవి పాడి పశువులు. చూడి కట్టిందా లేదా, ఎదకి రావట్లేదు, పొదుగు వాచింది. ఆ తర్వాత మేకలు, కుక్కలు. కోడి వస్తే ఏ గుడ్డసంచిలోనో, అట్టపెట్టెలోనో వస్తుంది. తెచ్చినవాళ్లు గేదెల తాళ్లు పట్టుకున్న రైతుల వెనకాల ఒదిగి నిలబడతారు. ఒక్క కోడి కోసం డాక్టరు దగ్గరికి రావడమేమిటని ఎవరైనా అంటారేమోనని మొహమాటం. అనేవాళ్లూ ఉంటారు. "కోసుకుంటే పోలేదా" అన్న మాట మా వరండాలో నేను చాలాసార్లు విన్నాను. ఆ మాట వినపడినప్పుడల్లా ఆ కోడిని ముందు లోపలికి తెమ్మంటాను. మొహమాటం తీర్చడానికొకటే కాదు, ఎగశ్వాసతో ఉన్న కోడికి వరసలో కూర్చునేంత వ్యవధి ఉండదు.

నిజానికి మా చదువు ఒక్క కోడిని దృష్టిలో పెట్టుకుని సాగింది కాదు. కోళ్ల వైద్యమంటే మాకు షెడ్డు వైద్యం. వేల కోళ్లలో కొన్ని చనిపోతే, నాలుగింటిని కోసి చూడాలి. జీర్ణాశయం లోపలి పొర మీద రక్తపు చుక్కలున్నాయా, గాలిసంచులు మసకబారాయా, కాలేయం ఎలా ఉంది, ఇవి చూసి మిగతా వేలకి నీళ్లలో మందు కలపమనాలి. అనపర్తి, తణుకు వైపు గుడ్ల ఫారాలు నిలబడింది ఆ చదువు మీదే. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ అక్కడ జబ్బు తేల్చేది కత్తెర, పరీక్షకి ఇచ్చిన కోడి తిరిగి ఇంటికి పోదు. పేరు పెట్టి పిలిస్తే పలికే పెట్టని ఒళ్లో పెట్టుకుని వచ్చిన మనిషికి ఆ పద్ధతి ఎందుకు పనికొస్తుంది?

మందులూ అంతే. కోళ్ల మందు అరలీటరు, లీటరు సీసాల్లో వస్తుంది. వెయ్యి కోళ్లకి ఇంత, వంద లీటర్ల నీళ్లకి ఇంత అని దాని మీద రాసి ఉంటుంది. కొక్కెర తెగులుకి రెక్క కింద వేసే ఆర్‌టూబీ టీకా సీసాలో వందో రెండొందలో డోసులుంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఒక్క పెట్టకి టీకా కావాలని ఎవరైనా వస్తే, మీ వీధిలో కోళ్లన్నిటినీ గంపల కింద మూసి ఉంచండి, ఫలానా రోజు పొద్దున్నే మా వాళ్లు వస్తారని చెప్పి పంపిస్తాను. ఇక మందు కొలతకి ఇన్సులిన్ సిరంజి మా పాలిట వరం. మిల్లీలీటరుకి వంద మిల్లీగ్రాములున్న మందు, కిలోన్నర కోడికి పదిహేను మిల్లీగ్రాములు ఇవ్వాలనుకోండి, 0.15 మిల్లీలీటరు అవుతుంది. నలభై యూనిట్ల సిరంజిలో అది సరిగ్గా ఆరు గీతలు. చెంచాతోనో మూతతోనో కొలిచేవాళ్లకి ఈ ఆరు గీతలు కళ్లారా చూపిస్తాను, ఎందుకంటే అర చెంచా పోస్తే పదిరెట్లు దాటిపోతుంది.

సీతాలు అనే పెట్ట సంగతి చెబుతాను. ఒక్క కోడిని ఎలా చూడాలో అందులో చాలావరకు ఉంది.

సీతాలు ఎర్రటి గ్రామప్రియ పెట్ట. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసం తయారు చేసిన రకం. దాన్ని పెంచుతున్నావిడ ఇంటి వసారాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పగలంతా సీతాలు మిషను కిందే పడుకుంటుందట. వానాకాలం, ముసురు పట్టిన రోజు, తువ్వాల్లో చుట్టి తీసుకొచ్చింది.

"మెడ కింద కాయ కట్టేసిందండి డాక్టరమ్మ గారూ. మేత ముట్టట్లేదు, నీళ్లు మాత్రం తెగ తాగుతుంది. నిన్న సాయంత్రం నుంచి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తందండి."

బల్ల మీద పెట్టమన్నాను గానీ చెయ్యి వేయలేదు. కోడిని పట్టుకోక ముందు చూసేదే అసలు పరీక్ష. పట్టుకున్నాక భయంతో ఊపిరి ఎలాగూ పెరుగుతుంది, అప్పుడు లెక్కపెట్టినా లాభం లేదు. నాలుగడుగులు వెనక్కి తగ్గి నిలబడ్డాను. ప్రతి ఊపిరికీ తోక కిందకీ పైకీ ఊగుతోంది. మెడ చాచి, ముక్కు తెరిచి లాగుతోంది. జుట్టు అంచులు ఎర్రదనం పోయి నీలంగా ఉన్నాయి. ఊపిరి లోపలికి పోయేటప్పుడు గురగురమని తడి చప్పుడు. రొమ్ము మీద కుడివైపు ఈకల్లోంచి గుండ్రంగా ఉబ్బి ఉంది.

ఆ ఉబ్బే ఆవిడ చెప్పిన కాయ. అది గడ్డ కాదు, మేతసంచి. కోడి తిన్నది ముందు అందులో చేరి నాని, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగి, కందనకాయలో నలుగుతుంది. సాయంత్రం గూట్లోకి వెళ్లేటప్పుడు నిండుగా ఉండటం ఆరోగ్యం. తెల్లవారి మేత వేయక ముందు ఖాళీగా ఉండాలి. పొద్దున్నే గంప ఎత్తేటప్పుడు రొమ్ము మీద చెయ్యి పెట్టి చూసే అలవాటు ఒక్కటుంటే, నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలా వాటిని రెండు మూడు రోజుల ముందే పట్టేయొచ్చు. ఆ సంచి గట్టిగా చపాతీపిండి ముద్దలా తగిలితే లోపల ఏదో అడ్డం పడి బిగిసిపోయింది. మెత్తగా నీళ్లు కదిలినట్లు తెలిసి, నోరు తెరిస్తే పులిసిన వాసన కొడితే లోపల తిండి పులిసి బూజుక్రిమి పెరుగుతోంది. సీతాలుకి రెండూ ఉన్నాయి. నడిమధ్య గట్టి ముద్ద, చుట్టూ నీళ్లు.

మేతసంచి ఎప్పటి నుంచి అలా ఉందో తేలిగ్గానే తేలింది, నాలుగు రోజులు. ఊపిరి నిన్న సాయంత్రమే ఎందుకు చెడింది? అది తెలియాలి. కుట్టుపనావిడ చెప్పడానికి కొంచెం వెనకాడింది. వెంట వచ్చిన అత్తగారు చెప్పారు.

"పక్కింటి కుర్రాడు తలకిందులుగా పట్టుకుని పిసికాడమ్మా. బోలెడు నీళ్లు కక్కింది. తేలికపడుతుందనుకున్నాం. ఆ పైన అల్లం రసం నేనే పోశాను."

వాళ్లని కోప్పడలేదు. తలకిందులుగా పట్టి సంచి పిండే పద్ధతి చాలా ఊళ్లలో ఉంది, బాగయిన కోళ్ల కబుర్లే నలుగురి నోటా తిరుగుతాయి. కానీ కోడి గొంతు ఎలా ఉంటుందో వాళ్లిద్దరికీ అప్పుడే చూపించాను. ముక్కు మూల నుంచి వేలు పెట్టి తెరిచి, టార్చి వేశాను. నాలుక వెనకాలే నేల మీద చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. అదే గాలిగొట్టం నోరు. మనకి మింగేటప్పుడు దాని మీద మూత పడుతుంది. కోడికి ఆ మూత లేదు. తనంతట తాను తాగేటప్పుడు ఆ చీలిక బిగుసుకుంటుంది కాబట్టి సరిపోతుంది. మనం పోసినప్పుడు, తలకిందులుగా ఉన్నప్పుడు, దానికి బిగించుకునే వ్యవధి ఉండదు. సంచిలోంచి పైకి వచ్చిన పులిసిన నీళ్లు, పైనుంచి పోసిన రసం, రెండూ దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. "అమ్మో, నేను పోసింది అక్కడికా పోయింది" అని ఆ పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "ఇక ముందు ఎవరు పోయబోయినా మీరే ఆపండి పెద్దమ్మగారూ" అన్నాను.

అయినా ఆ ఒక్క మాట మీద జబ్బు తేల్చేయకూడదు. మేతసంచి నిండా నీళ్లు, నోటివెంట గుర్రుగుర్రు అంటే మా మనసులో మొదట మెదిలేది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. అందులోనూ కోడిని ఎత్తితే ముక్కుల్లోంచి తీగలుగా నీళ్లు కారతాయి, ఊపిరి ఆడదు. ఆకుపచ్చగా పారుతుంది, బతికినవాటికి మెడ తిరిగిపోతుంది. కానీ అది ఒక్క పెట్టతో ఆగే జబ్బు కాదు, ఇంటి కోళ్లు, పక్కింటి కోళ్లు వరసగా పడిపోతాయి. చుట్టుపక్కల చావుల్లేవు, సీతాలుకి రెక్క కింద టీకా పడింది. నోట్లో పసుపుపచ్చ పొరలున్నాయేమో చూశాను, కోళ్ల మశూచి గొంతులో దిగితే అవి గాలిగొట్టాన్ని మూసేస్తాయి. లేవు. కళ్లలో నురగ లేదు, మొహం వాపు లేదు, ముక్కు రంధ్రాల్లో గడ్డకట్టిన చీమిడి లేదు. మైకోప్లాస్మా రొంప గానీ, కొరైజా గానీ అయితే ఇవి కనిపించేవి. వీపు మీద, రెక్కల మధ్య స్టెతస్కోపు పెడితే ఒకవైపు ఎక్కువగా తడి చప్పుడు వినిపించింది. దారి తప్పిన నీళ్ల కథకి అది సరిపోయింది.

ఇక్కడ ఇంకో కోడి గుర్తుకొస్తుంది. అది కూడా ఇవే రెండు లక్షణాలతో వచ్చింది. నాలుగు నెలల కాకి పుంజు, పందెం జాతి, ఇంకా కూత కూడా సరిగ్గా రాలేదు. మేతసంచి జారిపోయి వేలాడుతోంది, ఎగశ్వాస. పెంచుతున్న అబ్బాయి సంచి పిసికి పిసికి, ఎంత తీసినా మళ్లీ నిండుతోందని వాపోయాడు. ఆ పుంజుని నేల మీద వదిలితే ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి జాచి పడిపోయింది. అది మారెక్స్ జబ్బు. నరాలు వాచిపోతాయి. మెడలోంచి దిగే వేగస్ నాడి దెబ్బతింటే మేతసంచి కదలడం మానేస్తుంది, ఊపిరీ చెడుతుంది. హంగరీ పశువైద్యుడు మారెక్ 1907లోనే దీన్ని వర్ణించాడు. దీనికి మందు లేదు, గుడ్డులోంచి బయటికొచ్చిన రోజునే టీకా పడాలి. హేచరీ పిల్లలకి ఆ టీకా వేస్తారు, పెరట్లో పెట్ట పొదిగిన పిల్లలకి ఎవరు వేస్తారు? ఆ పుంజుకి నేను చేయగలిగింది నొప్పి లేకుండా పంపించడం ఒక్కటే. అబ్బాయి దాని తల మీద చెయ్యి వేసి చివరిదాకా అక్కడే నిలబడ్డాడు. కాబట్టి సంచి కదలకపోతే సంచిలోనే జబ్బుందని అనుకోను. కాళ్లు చూస్తాను, నడక చూస్తాను, వయసు అడుగుతాను.

సీతాలు కాళ్లు బాగున్నాయి. ఇక ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవాలి. కుట్టుపనావిడకి ఆ ముద్ద తీసేయమనే తొందర. చూసేవాళ్లకి కనిపించేది అదే మరి. నేను ఒప్పుకోలేదు. ముద్ద కనిపించి నాలుగు రోజులైంది, ఇంకో రోజు ఉంటుంది. ఊపిరి అలా కాదు. ఊపిరాడని కోడిని బల్ల మీద పట్టి ఉంచి ఏ పని చేసినా అది చేతుల్లోనే పోతుంది. దానికి కారణం కోడి ఒంటి తీరులోనే ఉంది. మనకి ఊపిరితిత్తుల కింద ఉండే ఉదరవితానం కోడికి లేదు. దాని ఊపిరితిత్తులు వీపు వైపు పక్కటెముకలకి అంటుకుని ఉంటాయి, పెద్దగా సాగవు. గాలిని లాగేది, నెట్టేది ఒంటి నిండా ఉన్న గాలిసంచులు. రొమ్ముఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే అవి నిండుతాయి. రొమ్ముని గట్టిగా అదిమి పట్టుకుంటే, ముక్కు తెరిచే ఉన్నా కోడికి ఊపిరాడదు. పిల్లలు ప్రేమగా గుండెలకి హత్తుకుని నలిపేసిన కోడిపిల్లలు చచ్చిపోయేది ఇందుకే. రెక్కలు ఒంటికి ఆనించి, రెండు చేతులతో పక్కల నుంచి పట్టుకుని, రొమ్ముఎముకని వదిలేయాలి. కూర్చోబెట్టాలి, వెల్లకిలా వేయకూడదు.

మా ఆసుపత్రిలో ఆక్సిజన్ లేదు. కుక్కల కోసం నేను కొని పెట్టుకున్న నెబ్యులైజరు ఉంది. పెద్ద అట్టపెట్టె తెప్పించి, అడుగున పాత దుప్పటి పరిచి, ఒక పక్కన బల్బు పెట్టించాను, రెండో పక్కన గాలి ఆడటానికి కన్నాలు. సెలైన్ ఆవిరి గొట్టాన్ని అందులోకి వదిలాను. పైన చీర కప్పి చీకటి చేశాం. చీకటిలో కోడి సద్దుమణుగుతుంది, సద్దుమణిగితే ఊపిరి కోసం పడే పెనుగులాట సగం తగ్గుతుంది. నోటి వెంట ఏమీ ఇవ్వలేదు, మందైనా సరే. గోరువెచ్చటి సెలైన్ తొడ మొదట్లో చర్మం కింద ఎక్కించాను. యాంటీబయాటిక్, నొప్పి మందు రొమ్ము కండలో సూదితో ఇచ్చాను. ఆ తర్వాత చేయాల్సింది ముట్టుకోకుండా ఉండటం. మా అటెండరు గంటగంటకీ చీర ఎత్తి చూడబోతే వద్దని వారించాను. ఈ వైద్యంలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే. ప్రేమగా పెంచుకున్నవాళ్లని ఊరికే కూర్చోమనడం.

ఇదే చోట ఇంకో మాట చెప్పుకోవాలి. ఊపిరాడని కోడికి సాంబ్రాణి పొగ, పొయ్యి పొగ వేసేవాళ్లున్నారు. దోమలు పోతాయని, రొంప కరుగుతుందని. ఆ గాలిసంచులకి పొగ విషమే. బూజుపట్టిన ఊక, తడిసిన గడ్డి గూట్లో పరిచినా అంతే. ఆ బూజు పీల్చి ఊపిరితిత్తుల్లో గడ్డలు కట్టిన కోళ్లని కోసి చూసిన డాక్టరెవరూ గూడు తడిగా ఉంటే చూస్తూ ఊరుకోరు. వానాకాలంలో కోనసీమ గూళ్లలో పొడి చోటు దొరకడం కష్టమని తెలుసు. పరుపు మార్చడానికి వీల్లేకపోతే అసలు పరుపే వద్దు, చెక్క మీదే పడుకోనివ్వండి.

మర్నాడు పొద్దున చీర ఎత్తితే ముక్కు మూసుకుని ఊపిరి తీస్తోంది. తోక ఊపు తగ్గింది, జుట్టు రంగు తిరిగింది. గురగుర ఇంకా ఉంది గానీ మెడ చాచడం లేదు. సంచి మాత్రం అలాగే ఉంది. పైనుంచి వేళ్లతో మెత్తగా సవరిస్తే ముద్ద ఏమాత్రం విడలేదు. వేళ్లకి సన్నగా తాళ్లలాంటివి తగిలాయి. తెచ్చిన దగ్గర్నుంచీ నాకు అనుమానం ఉన్నదే.

"మిషను కింద దారాలు ఉంటాయా?"

"ఉంటాయండి, సాయంత్రం దాకా చిమ్మను. ఇది వానపాములనుకుని లాగుతుందేమో."

కోయక తప్పదు. మత్తు ఇవ్వడానికి ఊపిరితిత్తులు ఒప్పుకోవు. చర్మానికి మాత్రం తిమ్మిరి మందు ఇవ్వాలి. లిగ్నోకెయిన్ కోళ్లకి తేలిగ్గా ఎక్కువైపోతుంది. గేదెకి తోక దగ్గర ఇచ్చే చేత్తో కోడికి ఇస్తే గుండె ఆగుతుంది. బరువు తూచి, లెక్కకట్టి, సెలైన్‌తో పల్చన చేసి ఇచ్చాను. తల సంచి కంటే ఎత్తుగా ఉండేలా తువ్వాలు చుట్ట పెట్టి, ఒక పక్కగా కొద్దిగా వాల్చి కూర్చోబెట్టాం. అటెండరు పని ఒక్కటే, రొమ్ముఎముక కదలికను చూస్తూ ఊపిరి పైకి లెక్కపెట్టడం. లెక్క ఆగితే నా చెయ్యి ఆగాలి.

ఈకలు కొన్ని పీకి చర్మం కోస్తే కింద సంచి గోడ పల్చగా కనిపిస్తుంది. దాని మీద రక్తనాళాలు విడివిడిగా తెలుస్తాయి. వాటి మధ్య ఖాళీ చూసుకుని చిన్నగా కోయాలి, పెద్దగా కోస్తే కుట్లు నిలవవు. కోయగానే పులిసిన నీళ్లు, వాసన. గాజుగుడ్డతో అద్దుకుంటూ పట్టకారుతో లాగితే మొదట తెల్లదారం కొస ఒకటి వచ్చింది. ఊరికే లాగకూడదు, రెండో కొస కింద కందనకాయ దాకా దిగి ఉంటే లోపల కోసుకుపోతుంది. మెల్లగా వదులు చేసుకుంటూ తీశాను. గులాబీ, నీలం, ఆకుపచ్చ దారాలు, వాటితో పెనవేసుకుని కొబ్బరి పీచు, పొడవాటి గరిక, నడుమ నానిన వడ్లు. ఆ దారాల్లోంచి జాకెట్టు కాజాకి వాడే బంగారు రంగు పోగు ఒకటి మెరిసింది. కుట్టుపనావిడ గుమ్మంలోంచి చూస్తూ, "అది పెళ్లివారి జాకెట్టుదండి, ఏ రోజు కుట్టానో కూడా చెప్పగలను" అంది. ఆ మాటతో ముద్ద ఎప్పటి నుంచి పేరుకుంటూ వస్తోందో తెలిసిపోయింది. వారం పైనే.

సంచి లోపలి గోడ మీద తెల్లటి మందపాటి పొర పట్టి ఉంది. గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే మొగ్గలు తొడుగుతున్న బూజుక్రిమి, కాండిడా. పసిపిల్లల నోటిపూతకి వాడే నిస్టాటిన్ చుక్కలే దీనికీ పనిచేస్తాయి. గోరువెచ్చటి సెలైన్‌తో కడిగి, సంచిని రెండు వరసలుగా కుట్టాను, రెండో వరస అంచులు లోపలికి మడిచి. చర్మం విడిగా కుట్టాలి. రెండూ కలిపి కుట్టేస్తే అతుక్కుపోయి సంచి మళ్లీ కదలకుండా అవుతుంది. అటెండరు లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇక ఇంటికి పంపేముందు మేత గురించి చాలాసేపు చెప్పాను. ముందు నీళ్లు, అవీ చిన్న మూతలో పెట్టి తానే తాగేలా. తర్వాత పల్చటి చోళ్ల జావ, కొంచెం కొంచెం, మాటిమాటికీ. ప్రతిసారీ సంచి తడిమి చూసి, ముందు పెట్టింది దిగితేనే మళ్లీ పెట్టాలి. వడ్లు, నూకలు కుట్లు మానేదాకా వద్దు. ఆ తర్వాత సన్నటి ఇసుక, చిన్న గులకలు విడిగా ఒక చిప్పలో పెట్టాలి. కందనకాయకి పళ్లు అవే, సిమెంటు చప్టా మీదే తిరిగే కోళ్లకి అవి దొరకవు. మందు నోట్లో పోయడం కాదు, జావలో కలిపి తానే పొడుచుకునేలా ఇవ్వాలి. తినకపోతే నా దగ్గరికి తేవాలి, గొట్టంతో నేనే సంచిలో వేస్తాను. ఆ గొట్టం కోడి కుడి వైపు నుంచి, నాలుక వెనక చీలికను తప్పించుకుంటూ దిగాలి. మెడ మీద చర్మంలోంచి గాలిగొట్టం, మేత గొట్టం రెండూ వేళ్లకి విడివిడిగా తగిలితేనే మందు వదలాలి. ఇది ఇంటిదగ్గర ప్రయత్నించే పని కాదు.

సీతాలు కోలుకుంటున్న రోజుల్లోనే ఆసుపత్రికి తెచ్చే ఒక్కో కోడిని చూసి జనం భయపడటం గమనించాను. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పటి నుంచీ ఆ భయం పోలేదు. భయం ఉండటం మంచిదే, దాన్ని సరైన చోట పెట్టుకోవాలి. ఒకటి కాకుండా రెండు మూడు కోళ్లు ఒక్కసారిగా చచ్చిపోతే, మొహాలు వాచి జుట్లు నల్లబడితే, వాటిని సంచిలో వేసుకుని ఆసుపత్రికి తేకండి, కోసి చూడకండి, కాలవలో పారేయకండి. మాకు ఫోను చేస్తే మేమే వస్తాం, నమూనాలు భోపాల్ ప్రయోగశాలకి వెళతాయి. ఇక జబ్బుగా ఉన్న ఏ కోడిని పట్టుకున్నా ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీతాలుని చూసిన రోజున నేనూ మాస్కు పెట్టుకునే చూశాను.

మందుల దుకాణంలో కోళ్ల రొంపకని అడిగితే ఏదో ఒక యాంటీబయాటిక్ చేతిలో పెడతారు. వైరస్ జబ్బుకి అది పనిచేయదు, మేతసంచిలో బూజుక్రిమికైతే ఎదురు బలం ఇస్తుంది, ఎందుకంటే దాన్ని అదుపులో ఉంచే మంచి బాక్టీరియా ముందు చస్తాయి. మనుషులకి చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ని కోళ్లకీ పశువులకీ వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. అంతకు ముందు దాన్ని మేతలో కలిపేవారు. ఒక్క పెంపుడు పెట్టకి ఆరు గీతల మందు ఇచ్చేటప్పుడు కూడా నాకు ఆ సంగతి గుర్తుంటుంది. అవసరం తేలకుండా ఇవ్వను, మొదలుపెట్టాక మధ్యలో ఆపనివ్వను.

చర్మం మీద కుట్లు విప్పడానికి వచ్చినప్పుడు సీతాలు అట్టపెట్టెలోంచి తల బయటపెట్టి మా వరండాలోని గడ్డి పరకల్ని చూస్తోంది. మేతసంచి పొద్దున్నే తడిమి చూసుకుని వచ్చింది కుట్టుపనావిడ. "ఖాళీగా ఉందండి" అని నేను అడగకముందే చెప్పింది. మిషను చుట్టూ చేపల వల చుట్టేసిందట, దారాలు ఏ పూటకా పూట డబ్బాలో వేస్తోందట. ఊపిరిలో చప్పుడు లేదు.

"మళ్లీ గుడ్డు పెడతందండి. మా ఆడపడుచు నెలలు నిండి పుట్టింటికొచ్చింది, దానికి పెట్టొచ్చాండి?"

పెట్టొద్దన్నాను. మందు గుడ్డులోకి దిగుతుంది. పచ్చసొన రోజుల తరబడి ఒక్కో పొరగా లోపల తయారవుతూ ఉంటుంది కాబట్టి, సూదులు ఆపేసిన తర్వాత పెట్టిన గుడ్లలో కూడా ఆ మందు మిగిలి ఉండొచ్చు. అమ్మొద్దు, ఇంట్లో ఎవరూ తినొద్దు, పారేయండి అని చెప్పి, ఏ తేదీ తర్వాత వాడుకోవచ్చో లెక్కకట్టి చీటీ మీద రాసిచ్చాను. ఆవిడ చీటీ పోతుందేమోనని బ్యాగులోంచి గుడ్డలకి గీతలు గీసే సుద్ద తీసి, సీతాలుని తెచ్చిన అట్టపెట్టె మూత మీద ఆ తేదీ పెద్ద అంకెలతో రాసుకుంది.